గేములో అద్దం పగిలితే సీపీయూ షాపుకెళ్లింది: మిర్రర్స్ ఎడ్జ్‌తో నా అనుభవం

మిర్రర్స్ ఎడ్జ్ నిన్న రాత్రి పూర్తి చేశాను. 2008లో వచ్చిన గేము, పీసీకి 2009 జనవరిలో వచ్చింది. నాకు తీరిక ఇప్పటికి దొరికింది. కొనడం, దించుకోవడం ఒక సాయంత్రం పని, చెప్పేదేం లేదు.

మొదట్లో అంతా మేడల మీద పరుగే. ఫెయిత్ అనే అమ్మాయి కళ్లలోంచి చూస్తాం. తల దించితే కాళ్లు కనిపిస్తాయి, వేగం పెరిగేకొద్దీ రొప్పు వినిపిస్తుంది, ఎత్తు నుంచి పడుతుంటే చెవుల్లో గాలి హోరు. నేల తాకబోయే క్షణంలో వంగే బటన్ నొక్కితే పల్టీ కొట్టి అదే ఊపులో సాగిపోతుంది. తప్పితే ఊపంతా పోతుంది. స్క్రీన్ మీద ప్రాణం గీత లేదు, తూటాల లెక్క లేదు, మ్యాప్ లేదు. తల తిరగకుండా చూపు ఆనించుకోవడానికి నడిమధ్య చిన్న చుక్క, అంతే. ఊరంతా తెలుపు, వెళ్లాల్సిన దారిలో పైపో తలుపో ఎరుపు.

ఇక ఆఫీసు బిల్డింగుల్లోకి వెళ్లాక మొదలైంది నా తిప్పలు. పోలీసులు కాలుస్తారు, అద్దాలు పగులుతాయి, అంతటితో గేము పెళ్లి ఆల్బమ్ తిప్పినట్టు బొమ్మ తర్వాత బొమ్మ. ఫెయిత్ గాల్లో ఉండగానే నేను లేచి మంచినీళ్లు తాగి రావచ్చు.

సీపీయూ దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నా. మా బామ్మర్ది బండి నడిపాడు. కోవూరు నుంచి పెన్నా బ్రిడ్జి దాటి నెల్లూరులో ఒక షాపుకి పోయాం. కౌంటర్ దగ్గరున్నాయన మూత విప్పి, ఫ్యాను మీద దుమ్ము ఊది, "గ్రాఫిక్స్ కార్డు పోయింది సార్, కొత్తది వేయాల్సిందే" అన్నాడు. వైరైనా పెట్టలేదు.

"మిగతా గేములన్నీ బాగానే ఆడతుండాయి కదబ్బా, అద్దం పగిలినప్పుడే ఎందుకు ఆగిపోతుంది?" అన్నాను.

ఆయన నాకు జవాబు చెప్పలేదు. పక్కనున్న కస్టమర్ల వైపు తిరిగి, "సారుకి గేములో అద్దం పగిలిందంట!" అన్నాడు. షాపంతా నవ్వు. ప్రింటర్ ఇంకు కోసం వచ్చిన పెద్దాయన కూడా నవ్వాడు. "ఈ వయసులో పిలకాయల ఆటలేంది సార్" అని ఇంకో ముక్క. ఆపైన చెకింగ్ చార్జీ. మా బామ్మర్ది బయటికొచ్చాక నవ్వాడు, అది వేరే సంగతి. తెలియనప్పుడు తెలియదనడానికి ఏం పోతుంది? రోగం చూడకుండానే మందు రాసేవాళ్లు కౌంటర్ల వెనకాల కూడా తయారయ్యారు.

ఒంగోలులో బీటెక్ చదివే మేనల్లుడు ఫోన్‌లో, "మామా, వీడియో సెట్టింగ్స్‌లో ఫిజెక్స్ ఆన్‌లో ఉందేమో చూడు" అన్నాడు. ఉంది. పగిలే గాజుముక్కలు, రెపరెపలాడే గుడ్డలు, పొగ, వీటన్నిటి కదలికలు లెక్కగట్టే ఏర్పాటు అది. ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డుంటే ఆ లెక్కలు కార్డు చూసుకుంటుంది. వేరే కార్డయితే బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఆఫ్ చేశాను. గుడ్డలు మాయమయ్యాయి, గాజుముక్కలు తగ్గాయి, గేము పరుగెత్తింది. పైసా ఖర్చు లేదు.

తర్వాతిది గొప్పగానే చెప్పుకుంటా. ఎవరినీ తుపాకీతో కాల్చకుండా మొత్తం ముగించాను. దానికి విడిగా ఒక అచీవ్‌మెంట్, అంటే గేము ఇచ్చే పతకంలాంటిది, ఉంది. ఎదుటివాడి తుపాకీ ఎర్రగా మెరిసిన క్షణంలో బటన్ నొక్కితే లాక్కోవచ్చు. లాక్కుని పడేయండి. పెద్ద తుపాకీ పట్టుకుంటే ఎక్కడం, దూకడం కుదరదు. అందుకే ఈ గేము గుర్తుండిపోతుంది. ఇక్కడ శత్రువు కంటే పరుగు ఆగిపోతుందన్న భయమే ఎక్కువ. టైటాన్‌ఫాల్ 2 అనే కాల్పుల గేములో గోడల మీద పరుగు ఇంకా జోరు, కానీ చేతిలో తుపాకీ ఉన్నప్పుడు కాళ్ల మీద ధ్యాస నిలవదు. ఆ భయం మళ్లీ నాకు తగిలింది 2015 నాటి డైయింగ్ లైట్ అనే జాంబీల గేములో, అదీ అందులోని హరాన్ అనే ఊళ్లో చీకటి పడ్డాక.

చేపల పులుసుతో కడుపు నిండా తిని మాత్రం ఆడకండి, స్క్రీన్ మధ్యలో ఆ చుక్క ఉన్నా తల తిరుగుతుంది. ఇక నెల్లూరు షాపాయన దగ్గర నా చెకింగ్ డబ్బులు అలాగే ఉన్నాయి. సోమవారం వెళ్లి అడుగుతా. మా బామ్మర్దిని తీసుకెళ్లను.