కంట్లో ఇంజెక్షన్, కౌంటర్లో అవమానం

నిన్నే ఇన్సూరెన్స్ క్లెయిమ్ డబ్బులు పడ్డాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

నా ఎడమ కంటికి యువైటిస్, అంటే కంటి లోపలి పొర వాపు. ఆ వాపుకి రెటీనా మధ్యలో నీరు చేరి కిటికీ ఊచలు వంకరగా కనపడేవి. రెటీనా పొరల్ని చూపే ఓసీటీ స్కాన్‌లో అక్కడి మందం 500 మైక్రాన్లు దాటింది, 300 లోపు ఉండాలట. చుక్కల మందుకి తగ్గలేదు. స్టెరాయిడ్ ఇచ్చేముందు టీబీ లేదని తేల్చుకోవాలని మాంటూ టెస్టు, ఛాతీ ఎక్స్‌రే చేయించారు. అన్నీ బాగున్నాయి. 0.7 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంప్లాంట్ వేద్దామన్నారు. బియ్యపు గింజంత కడ్డీ, ఇంజెక్షన్‌తో లోపలికి పంపుతారు, కంట్లోనే కరుగుతూ కొన్ని నెలలపాటు మందు వదులుతుంది.

ఇక ఇన్సూరెన్స్ కౌంటరు. అక్కడి కుర్రాడు ఫైలు తెరవనైనా లేదు. "అడ్మిషన్ లేదు కదమ్మా, క్యాష్‌లెస్ రాదు" అన్నాడు. పాలసీ కాగితం ఒకసారి చూడు నాయనా అంటే, "ఇంజెక్షన్‌కి కూడా ఇన్సూరెన్సా? రేపు జ్వరం సూదికీ అడుగుతారు" అని క్యూ అంతా వినేలా అన్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేశారేమో, ఫారంలో ఒక్క అక్షరం ఆనడం లేదు. "చదువుకుని సంతకం పెట్టండి, చదువు వచ్చు కదా?" ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నదాన్ని. ఏ పెన్షనర్‌నీ ఇంత మాట అనలేదు.

కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లను పాలసీలోంచి తీసేయకూడదని ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది. డే కేర్ కిందైనా, అంటే రాత్రి ఆస్పత్రిలో ఉండకుండా చేయించుకున్నా ఇవ్వొచ్చు. కంపెనీ పరిమితి పెట్టుకోవచ్చు, అంతే. మా తమ్ముడు ఫోన్లో ఆ సర్క్యులర్ తీసి చూపిస్తే కుర్రాడు "సిస్టమ్ తీసుకోదు" అన్నాడు. రాదన్న మాట రాసివ్వమని పట్టుబట్టా. రాయించుకునే కదిలా. మీరూ రాయించుకోండి. మందు పెట్టె మీది స్టిక్కరు కూడా బిల్లుకి అంటించమనండి, అది లేక క్లెయిమ్ వెనక్కొచ్చిన ఆవిడ క్యూలోనే ఉంది.

అసలు ఇంజెక్షన్ ఎంతసేపని! మత్తు చుక్కలు, కాస్త మండే బెటాడిన్, రెప్పకి క్లిప్పు, టక్‌మని శబ్దం. అయిపోయింది.

డబ్బు ముందు నేనే కట్టా. ఇప్పుడు పరిమితి మేరకు వచ్చింది, మిగతాది నా జేబుకే.

స్కాన్‌లో నీరు చాలావరకు తీసింది. కంటి ప్రెషర్ మాత్రం 28కి ఎక్కింది, అది తగ్గడానికి రోజుకి రెండుసార్లు టిమోలోల్ చుక్కలు వేసుకుంటున్నా. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ చుక్కలు రాసేముందే డాక్టరుకి చెప్పండి. శుక్లం కూడా త్వరగా రావచ్చన్నారు. వస్తే మళ్ళీ ఆపరేషనే, కాకపోతే ఆ ఆస్పత్రిలో కాదు.