ఒకే ఇంటికి రెండు అరుగులు

2022 సెప్టెంబరు 6న సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ ఒకే రోజున ప్రారంభమయ్యాయి. ఆ వారంలోనే ఒక సాయంత్రం పెన్న ఒడ్డుకు వెళ్లి, రంగనాయకుల గుడి దగ్గర నిలబడి, వాలుతున్న ఎండలో నది ఫొటో ఒకటి తీసుకున్నాను. ఇంటికి వచ్చాక, 19వ శతాబ్దంలో కట్టిన పాత ఆనకట్ట దగ్గర చేపలు పట్టేవాళ్ల సందడి మొదలు వేసవిలో ఎండిన ఇసుకలో మా అన్నయ్యలు ఆడిన క్రికెట్టు దాకా గుర్తున్నదంతా నాలుగు పేరాలుగా రాసి, ఆ ఫొటోతో కలిపి ఫేస్‌బుక్‌లో పెట్టాను. అదే ఫొటోను మా మేనకోడలు, ఒక్క మాట కూడా జోడించకుండా, తన ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో పెట్టుకుంది. "ఏందత్తా, అంత పొడుగు రాస్తే ఎవురు చదవతారు?" అని నన్ను ఎగతాళి కూడా చేసింది.

ఫేస్‌బుక్‌లో నా పోస్టు కింద రెండు రోజుల పాటు మాటలు నడిచాయి. నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన, ఆనకట్టకూ బ్యారేజీకీ తేడా ఏమిటో, ఒకటి నీటిని కాలువలకు మళ్లించడానికి అడ్డంగా కట్టిన గోడ మాత్రమే అయితే రెండోది గేట్లతో నీటిమట్టాన్ని మన చేతిలో ఉంచేదని, నేను రెండు మాటలనూ కలగలిపి వాడానని సౌమ్యంగా తప్పు పట్టారు. నాతో ఏడో తరగతి చదివి ఇప్పుడు అమెరికాలో ఉంటున్న ఒకామె, నేను మరచిపోయిన ఒక వరద సంవత్సరాన్ని గుర్తు చేసింది. మేనకోడలి ఫొటోను అంతకు పది రెట్ల మంది చూశారు. హృదయాలు, మంట గుర్తులు వచ్చాయి. మాటగా వచ్చింది ఒక్కటే: "ఇది ఎక్కడ?" అడిగిన కుర్రాడిది నెల్లూరే, స్టోన్‌హౌస్‌పేట.

ఆనాటి నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండింటి స్వభావాలను కొంచెం శ్రద్ధగా గమనిస్తున్నాను. తేడా చాలావరకు పుట్టుకలోనే ఉందని నాకు అనిపిస్తుంది. ఫేస్‌బుక్ 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో, విద్యార్థులు ఒకరినొకరు గుర్తుపట్టడానికి పనికివచ్చే ముఖాల పట్టికలాగా మొదలైంది. 2006 సెప్టెంబరులో 13 ఏళ్లు నిండిన అందరికీ తలుపులు తెరిచినా, నీ అసలు పేరేమిటి, ఏ ఊరు, ఏ బడి, ఎవరి తాలూకు అని మన పల్లెల్లో కొత్తవారిని అడిగే ప్రశ్నలనే అది నేటికీ అడుగుతుంది. ఇద్దరూ ఒప్పుకుంటేనే స్నేహం కుదురుతుంది, ఆ స్నేహితులు కూడా 5,000 మందికి మించకూడదు. ఇన్‌స్టాగ్రామ్ 2010 అక్టోబరులో, ఫోన్‌తో తీసిన ఫొటోకు మెరుగులు దిద్ది చూపించే సాధనంగా పుట్టింది. దానికి నీ ఊరితో పని లేదు. ఖాతాకు తాళం వేసుకోకపోతే ఎవరైనా, నీ అనుమతి అడగకుండానే, నీ వెంట రావచ్చు, నువ్వు తిరిగి వారి వెంట పోనక్కర లేదు.

రాసేవాళ్ల సంగతికి వస్తే ఫేస్‌బుక్ ఒక పోస్టులో 63,206 అక్షరాల దాకా చోటు ఇస్తుంది, ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్ 2,200 దగ్గర ఆగిపోతుంది. ఆ 2,200లో కూడా మొదటి ఒకటి రెండు వరుసలే కంటికి కనిపిస్తాయి, మిగిలింది కావాలంటే నొక్కి తెరవాలి. తెరిచేవాళ్లు ఎందరో నాకు తెలియదు గానీ, నా చుట్టుపక్కల వాళ్ల బొటనవేళ్ల వేగం చూస్తే పెద్దగా ఆశ కలగదు. పైగా ఆ క్యాప్షన్‌లో లింకు పెడితే అది ఉత్త అక్షరాల వరుసగానే ఉండిపోతుంది, నొక్కితే ఎక్కడికీ పోదు. నాలాంటి తెలుగు పంతులమ్మలకు ఏ అరుగు అనువైనదో దీనితోనే తేలిపోవాలి.

అయితే నా ఖచ్చితమైన తీర్పును ఉదయగిరి గరిటెలు కొంత సడలించాయి. నేను ఉదయగిరిలో పనిచేసిన రోజుల్లో మా పక్కింటి ఆపా, అక్కడి చాలామంది ఆడవాళ్లలాగే, దుర్గం కొండల నుంచి వచ్చే నార్ది వంటి కర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కేది. చేతి పనితనం ఎంత సన్ననిదంటే, ఫోర్కు పళ్లను చూస్తే దువ్వెన పళ్లు గుర్తుకు వస్తాయి. ఆమె సరుకు నాలుగు చోట్లకు తెలియాలని నేను ఫేస్‌బుక్‌లో ఆ కళ చరిత్ర, కర్ర స్వభావం, చెక్కే పద్ధతి అన్నీ వివరిస్తూ పెద్ద వ్యాసమే రాశాను. "ఎంతో బాగుంది టీచర్", "మన జిల్లా గర్వకారణం", "ఆమెకు నా నమస్కారాలు" అని పుష్కలంగా వచ్చాయి. ఆశీస్సులు నిండుగా వచ్చాయి, ఆర్డరు ఒక్కటీ రాలేదు.

సెలవులకు వచ్చిన మేనకోడలు ఆపా చేతులను మాత్రమే చూపిస్తూ, మొద్దు కర్ర చెంచాగా మారేదాకా నలభై సెకన్ల రీల్ తీసింది. అందులో మాట లేదు, పాట లేదు, ఉలి కర్రను గీరుతున్న చప్పుడు మాత్రమే ఉంది. హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల నుంచి ధర అడిగేవాళ్ల సందేశాలు వరుసకట్టాయి. వాళ్లలో ఒకరు డబ్బు పంపినట్టు దొంగ స్క్రీన్‌షాట్ పెట్టి ఆరు గరిటెల సెట్టు తెప్పించుకున్న సంగతి కూడా చెప్పాలి. ఆ తరువాత ఆపా తన ఫోన్‌లో డబ్బు పడిన చప్పుడు వినకుండా పార్సెల్ కట్టడం మానుకుంది. ఇప్పుడు ఆమె నెలకు చేసే పనిలో చాలా భాగం ఆ రీల్ చూసి వచ్చిన వాళ్లదే. మనల్ని ఎరిగిన వాళ్లు మెచ్చుకుంటారు, ఎరగని వాళ్లు కొంటారు. ఫేస్‌బుక్ నన్ను ఎరిగిన వాళ్ల దగ్గరకు మాత్రమే చేర్చింది కనుక దానిని తప్పు పట్టడానికి లేదు.

ఇంతా చేసి రెండూ ఒకే ఇంటివి. 2012 ఏప్రిల్‌లో, కేవలం 13 మంది ఉద్యోగులున్న ఇన్‌స్టాగ్రామ్‌ను ఫేస్‌బుక్ 100 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2021 అక్టోబరు 4న రాత్రి 9 దాటాక రెండూ, వాటితో పాటు అదే యాజమాన్యంలోని వాట్సాప్ కూడా, ఒక్కసారిగా ఆగిపోయి సుమారు ఆరు గంటలు పలకకపోయేసరికి, మా వీధిలో ప్రతివాళ్లూ తమ నెట్ ప్యాకే అయిపోయిందనుకున్నారు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించాక, జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ తెచ్చింది. తరువాత అవే రీల్స్ ఫేస్‌బుక్‌లోకి కూడా వచ్చాయి గనుక, ఈ అరుగు మీద కూర్చున్నా ఆ అరుగు మీది గోల చెవిన పడుతూనే ఉంటుంది. మా పదో తరగతి పిల్లలను ఫేస్‌బుక్‌లో ఉన్నారా అని అడిగితే మాత్రం, "అది మా నాయనోళ్లది మిస్" అని నవ్వుతారు.

ఈ సంక్రాంతికి ముందు మొలగొలుకుల గురించి రాశాను. ఒకప్పుడు నెల్లూరు బియ్యమంటే మొలగొలుకులే అని పేరున్న ఆ వరి, పొడుగ్గా ఎదిగి పడిపోయే స్వభావం వల్లా, పొలంలో ఎక్కువ నెలలు ఉండిపోవడం వల్లా, ఎన్ఎల్ఆర్ 34449 వంటి తక్కువ కాలపు రకాలకు చోటిచ్చి తప్పుకున్న వైనం అది. ఫేస్‌బుక్‌లో ఎప్పటిలాగే రైతులు, రైతుల కొడుకులు, బియ్యం వ్యాపారులు చేరి వాదులాడుకున్నారు. కోవూరు వైపు ఒకాయన, పాత మొలగొలుకుల అన్నం రాత్రి వండితే మరునాటికి కూడా పాచిపోయేది కాదని ఒట్టేసి చెప్పారు. మేనకోడలు ఈసారి ఎగతాళి చేయలేదు. నా వ్యాసాన్ని ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో బొమ్మ మీద తెలుగు అక్షరాలలో అచ్చొత్తినట్టు పేర్చి, వేలితో పక్కకు జరుపుకుంటూ చదివేలా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. బొమ్మల కోసం పుట్టిన చోట అక్షరాలను బొమ్మలుగా మార్చి దూర్చడం నాకు భలే తోచింది.

ఎనిమిదో బొమ్మ దాకా జరిపిన వాళ్లు కొందరున్నారు. వారిలో ఆత్మకూరు దగ్గరి పల్లెకు చెందిన ఇంజినీరింగు విద్యార్థి ఒకడు, తన తాతకు అర ఎకరంలో ఒక్కసారైనా మొలగొలుకులు వేయాలని ఉందని, విత్తనం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. అక్కడ జవాబు చెప్పగలవారు ఒక్కరూ లేరు. ఆ ప్రశ్నను నేను ఫేస్‌బుక్‌లో నా పాత పోస్టు కిందకు మోసుకొచ్చి, వాదులాడుకున్న పెద్దలందరి పేర్లూ తగిలించి అడిగాను. రెండో రోజు తెల్లవారుజామున కోవూరు ఆయన రాశారు: "రెండు బస్తాల వడ్లు దాచిపెట్టుండామ్మా. ఆ అబ్బయ్యను నాకు ఫోన్ చెయ్యమను."