పొద్దున బ్రాయెస్ సరస్సు, మధ్యాహ్నం ఓట్జీ

ప్రైవేట్ కారు మాట్లాడుకుని తెల్లారకముందే ఇటలీలోని బొల్జానో నుంచి బయల్దేరాం, బ్రాయెస్ లేక్ దగ్గరికి వెళ్లేసరికి జనం ఇంకా రాలేదు, చెక్క పడవలు కట్టేసే ఉన్నాయి, 1,496 మీటర్ల ఎత్తులో ఆ పచ్చటి నీళ్లల్లో డోలమైట్ కొండ తలకిందులుగా కదలకుండా కనిపిస్తుంటే ఫోన్ తియ్యాలని కూడా అనిపించలేదు.

మధ్యాహ్నం మళ్లీ బొల్జానో, ఆర్కియాలజీ మ్యూజియం. ఆల్ప్స్ మంచులో గడ్డకట్టి దొరికిన మమ్మీ ఓట్జీని చిన్న కిటికీలోంచే చూడాలి, లోపల మైనస్ 6 డిగ్రీలు, ఒంటిమీద సన్నటి మంచు పొర మెరుస్తుంటుంది. 1991లో దొరికాడు, దాదాపు 5,300 ఏళ్ల కిందటి మనిషి, ఎడమ భుజంలో బాణం మొన ఇంకా అలాగే ఉంది! కానీ నన్ను బాగా కదిలించింది ఆయన బూట్లు. వెచ్చదనం కోసం లోపల ఎండుగడ్డి కూరి, అది జారిపోకుండా తాళ్లతో వలలా అల్లారు, ఎంత ఓపిగ్గా అల్లారో అనుకుంటూ అక్కడే చాలాసేపు నిలబడిపోయా.