భీముని కొలను దగ్గర అవ్వ కాలు పట్టేసిన రోజు

మా పెళ్లి శుభలేఖల్లో మొదటిది శ్రీశైలం మల్లన్నకే ఇవ్వాలని అవ్వ పట్టుబట్టింది. బస్సెక్కి పోయి ఇచ్చి వస్తే ఒప్పుకోనంది. "ఏ దోవన మీరు కలిసినారో ఆ దోవనే నడిచిపోయి ఇచ్చి రాండి" అంది. అందుకే 2025 శివరాత్రికి రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 24న, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నడక మొదలుపెట్టాం. నేను, నన్ను పెళ్లి చేసుకోబోతున్న తను, మా చిన్నాన్న, పిన్ని. నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖను అవ్వ తన పాత చీర ముక్కలో చుట్టి నా సంచిలో పెట్టింది. మోకాళ్ల నొప్పులతో అవ్వ మాత్రం ఈసారి రాలేకపోయింది. గడపలో నిలబడి మేం మలుపు తిరిగేదాకా చూసింది.

ఈ దారి తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. వెంకటాపురం నుంచి నాగలూటి, అక్కడి నుంచి పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, ఆపైన శ్రీశైలం. అంతా నల్లమల. పులుల అభయారణ్యం కాబట్టి ఏడాది పొడవునా నడవనివ్వరు. శివరాత్రికి, ఉగాదికి తెరుస్తారు. శివరాత్రికి ఎక్కువగా మన తెలుగువాళ్లు, ఇరుముడి కట్టుకున్న శివస్వాములు నడుస్తారు. ఉగాదికి కర్ణాటక భక్తులు వేలల్లో వస్తారు. వాళ్లకు భ్రమరాంబ అంటే తమ ఇంటి ఆడపడుచు. పసుపు కుంకుమ, సారె తెచ్చి పెడతారు. అడవిలోని చెంచులేమో మల్లన్న తమ అల్లుడంటారు, చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. చిన్నప్పుడు ఈ సంగతులు అవ్వ చెబుతుంటే కథలు విన్నట్టు విన్నాను. మా పెళ్లి మాట మా ఇంట్లో నలిగిన రోజుల్లో ఇవే నాకు ధైర్యమిచ్చాయి.

నాగలూటి వీరభద్రస్వామి గుడి దగ్గర ఆగాం. ఎవరో భక్తులు వేడి వేడి ఉప్మా వడ్డిస్తున్నారు. తను నాలుగు విస్తళ్లు తెచ్చి పిన్నికి ఒకటి, చిన్నాన్నకు ఒకటి ఇచ్చి, నాకు ఇచ్చి, చివరికి తను కూర్చున్నాడు. నేను మొదటిసారి తనను గమనించింది కూడా ఈ దారిలోనే.

అది 2023. శివరాత్రి ఫిబ్రవరి 18న వచ్చింది. అప్పటికి నేను ఆత్మకూరులో ఒక స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. అవ్వ, అంటే మా నాయన వాళ్లమ్మ, చిన్నప్పటి నుంచి ఏటా ఈ దారిలో నడిచిన మనిషి. ఆ ఏడు నాయనకు పని తెగలేదు. "పిల్ల తోడు వస్తే చాలు" అని అవ్వ నన్ను లేవదీసింది. నాకు భక్తి కంటే అవ్వ మీద భయమే ఎక్కువగా ఉండింది. ఎండలో అన్ని గంటలు నడిచి ఏమైనా అయితే? ఆ టెన్షన్‌తో దారి పొడుగునా ఆమె ముఖమే చూస్తూ నడిచాను.

రెండో రోజు భీముని కొలను లోయలోకి దిగాం. ఆ దిగుడు చూసినవాళ్లకు తెలుస్తుంది. రాతిమెట్లు కిందికి, ఇంకా కిందికి పోతూనే ఉంటాయి. దిగినంతా మళ్లీ ఎదుటి వైపు ఎక్కాలి. శ్రీశైలానికీ అహోబిలానికీ 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడని చదువుకున్నాం కదా, అంతకాలంగా ఎన్ని లక్షల పాదాలు తొక్కి ఉంటాయో, కొన్ని రాళ్లు మధ్యలో పల్లంగా అరిగిపోయి ఉన్నాయి. అవి ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే అవ్వకు పిక్క పట్టేసింది. కూలబడిపోయింది. నొప్పికి నోట మాట రావడం లేదు. మా సీసాలో నీళ్లు అడుగంటాయి. జనం "ఓం నమః శివాయ" అనుకుంటూ పక్కనుంచి పోతున్నారు. ఆగి చూసినవాళ్లు ఉన్నారు, నీళ్లు ఇచ్చినవాళ్లు ఉన్నారు. అందరికీ చీకటి పడేలోపు పైకి చేరాలన్న తొందర.

ఒక అబ్బాయి మాత్రం సంచి దించి కూర్చున్నాడు. "మామ్మగారూ, కాలు చాపండి" అన్నాడు. ఓఆర్ఎస్ పొడి నీళ్లలో కలిపి కొంచెం కొంచెం తాగించాడు. పాదం పట్టుకుని వేళ్లను మెల్లగా పైకి వంచాడు. ముందు వెళ్తున్న అతని స్నేహితులు కేకేస్తే, మీరు పదండి, నేను వస్తానని చెయ్యి ఊపాడు. నొప్పి తగ్గగానే అవ్వ అన్న మొదటి మాట, "మామ్మ ఎవరు నాయనా? అవ్వా అను."

అక్కడి నుంచి పైకి మాకు దాదాపు మూడు గంటలు పట్టింది. పదిమెట్లు ఎక్కడం, కూర్చోవడం. అతను ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. అవ్వకు ఊపిరి అందే దాకా ఏదో ఒకటి చెబుతూ ఉండేవాడు. వాళ్లది చీరాల దగ్గర ఊరు. నాన్న గుంట మగ్గం మీద నేస్తాడు. అమ్మ కండెలు చుడుతుంది. తను నంద్యాలలో బ్యాంకు ఉద్యోగం. చిన్నప్పుడు బడి నుంచి రాగానే ఆసు పోసి, అంటే నేతకు నూలు సిద్ధం చేసి గానీ ఆటలకు వెళ్లనిచ్చేవారు కాదట. అవ్వ అన్నీ అడిగింది, మగ్గంలో కాళ్లు గుంటలో పెట్టుకుని కూర్చుంటే నడుము నొయ్యదా అని కూడా. నేను వెనక నడుస్తూ వింటున్నాను. నిజం చెప్పాలంటే మొదట నాకు కొంచెం ఇబ్బందిగా ఉండింది. మా అవ్వను చూసుకోవలసింది నేను కదా, ఎవరో చూసుకుంటున్నారేమిటి అని. ఐదారు సార్లు ఆగి లేచాక ఆ ఇబ్బంది పోయింది. అతను అవ్వ చెయ్యి పట్టుకోలేదు. చెయ్యి చాచి పెట్టాడు, కావాలనుకున్నప్పుడు ఆమె పట్టుకునేలా. అది చూశాను నేను. ఇప్పటికీ ఎవరైనా మీ ప్రేమ ఎప్పుడు మొదలైందని అడిగితే నాకు ఆ చెయ్యే కళ్ల ముందుకు వస్తుంది.

కైలాసద్వారం చేరాక అవ్వ కాళ్లకు దండం పెట్టి వెళ్లబోయాడు. నా వైపు చూసి "జాగ్రత్తండి" అన్నాడు, అంతే. అవ్వే ఆపింది. "నీ నంబరు మా పిల్ల ఫోన్లో కొట్టు నాయనా. ఊరు చేరినాక చెప్తాం."

ఆ తర్వాత సోమవారం ఫోన్ వచ్చింది, అవ్వ కాలు ఎట్లుందని. అవ్వకు ఫోన్ లేదు కాబట్టి నా ఫోన్‌కే. వచ్చే సోమవారం మళ్లీ. సోమవారం శివుడి రోజు అని గుర్తుపెట్టుకున్నాడట. మొదట్లో "ఒక్క నిమిషమండి, ఇస్తున్నా" అని అవ్వ చేతికి ఇచ్చేసేదాన్ని. రానురాను ఆ ఒక్క నిమిషం పది నిమిషాలైంది. ఒకరోజు మాట్లాడుకుంటూ ఉంటే అరగంట దాటింది. చూస్తే అవ్వ వసారాలో మంచం మీద ఒత్తులు చేసుకుంటూ కూర్చుని ఉంది. ఫోన్ ఇవ్వబోతే "నాకేం చెప్పేది లేదులే, బాగుండానని చెప్పు" అంది.

2024లో శివరాత్రి మార్చి 8న. నాయన కూడా వచ్చాడు. దారంతా మోదుగపూలు ఎర్రగా రాలి ఉన్నాయి. ఆ రాత్రి పెద్దచెరువు దగ్గర బస. నాయన, అవ్వ పడుకున్నారు. కొందరు స్వాములు నిప్పు వేసుకుని భజన చేస్తున్నారు. నేను, తను కొంచెం ఎడంగా కూర్చున్నాం. "ప్రతి ఏడూ ఇలాగే నడవాలని ఉంది" అన్నాడు. "అవ్వ నడవలేని ఏడు వస్తే?" అన్నాను. "అప్పుడు మనిద్దరం" అన్నాడు. అని, తప్పు మాట్లాడానా అన్నట్టు నా వైపు చూశాడు. నేనేం చెప్పలేదు. లేచి పోనూ లేదు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు, భజన ఆగిపోయాక అడవి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఇంట్లో చెప్పడానికి మాత్రం నాకు ఐదు నెలలు పట్టింది. వాళ్లది చేనేత, మాది వ్యవసాయం. కులాలు వేరు. నాయన కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. అన్నం దగ్గర మాట లేదు, పొలం నుంచి వస్తే మాట లేదు. దాదాపు నెల. ఒక రాత్రి అవ్వ కంచం ముందు నుంచి లేచి నాయన ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఆ పొద్దు భీముని కొలను కాడ నా కాలు పట్టుకున్నాడే, అప్పుడు నీ కులమేందిరా అని నేను అడిగితినా? అడిగి, కాదంటే, ఆ రాళ్ల మీదనే పడి ఉండేదాన్ని కదా. చెంచోళ్లు మల్లన్నను అల్లుడంటే ఆ సామి కాదన్నాడా?"

నాయన చాలాసేపు తల ఎత్తలేదు. మర్నాడు పొద్దున నన్ను పిలిచి, "వాళ్ల నాయన నంబరు ఇయ్యమ్మా" అన్నాడు. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు కళ్లు తడుస్తున్నాయి. చీరాల నుంచి వాళ్లు వచ్చారు, మేం వెళ్లాం, కార్తీకంలో నిశ్చితార్థం అయింది. మా పెళ్లికి మధుపర్కాలు ఎక్కడా కొనకూడదని తన నాన్నగారు స్వయంగా మగ్గం ఎక్కించారు. మేం వెళ్లిన రోజు పడుగు, అంటే నిలువు దారాలు, సాఫు చేస్తున్నారు. "చెయ్యి పెట్టి చూడమ్మా, నీదే" అన్నారు.

ఈసారి భీముని కొలను మెట్ల మీద, అవ్వ కూలబడిన చోటు వెతికాం. నేను ఒక రాయి చూపిస్తే తను ఇంకోటి చూపించాడు. ఎటూ తేలక రెండింటి మీదా కాసేపు కూర్చున్నాం. పిన్ని నవ్వింది. కైలాసద్వారం దాటాక హాటకేశ్వరం, ఆపైన సాక్షి గణపతి. చేతిలో గంటం, పుస్తకం పట్టుకుని మనం వచ్చినట్టు శివుడికి సాక్ష్యం చెప్పే స్వామి. అక్కడ అందరం గోత్రం, పేరు చెప్పుకుంటాం. తను తన గోత్రం చెప్పాడు, నేను మాది. వచ్చే ఏడు ఇక్కడ మా ఇద్దరికీ ఒకే గోత్రం చెబుతాం. చిన్నప్పటి నుంచి చెప్పుకున్న గోత్రం ఇదే చివరిసారి అనుకుంటే గొంతు పట్టేసింది. అందుకని మెల్లగా, స్పష్టంగా చెప్పాను.

శివరాత్రి నాడు ఎన్నో గంటలు వరుసలో నిలబడ్డాం. ఉత్సవాల రద్దీలో లింగాన్ని తాకే వీలుండదు, దర్శనం మాత్రమే. శుభలేఖ అర్చకస్వామి చేతికి ఇస్తే, స్వామి ముందు పెట్టి కుంకుమతో తిరిగి ఇచ్చారు. ఆ రాత్రి మేం ఎదురుచూసింది పాగాలంకరణ కోసం. చీరాల ప్రాంతపు చేనేత కుటుంబం ఒకటి ఏడాది పొడుగునా రోజుకో మూర చొప్పున, 365 మూరలు నేసి తెచ్చే తెల్లటి వస్త్రం అది. పెళ్లికొడుకైన మల్లన్నకు అదే తలపాగా. గుడిలో దీపాలన్నీ ఆర్పేస్తారు. ఆ చీకట్లో, నేసిన మనిషి దిగంబరంగా పైకి ఎక్కి, విమాన శిఖరం నుంచి ముఖమండపం మీది నవనందులను కలుపుతూ ఆ పాగా చుడతాడు.

దీపాలు ఆరిపోయాయి. అంతమంది జనం ఒక్కసారిగా "హర హర మహాదేవ" అన్నారు. నా పక్కన తను ఏమీ అనలేదు. ఊపిరి తీసుకోవడం మాత్రం వినిపించింది. "మూర నేయడానికి ఎంతసేపు పడుతుంది?" అని మెల్లగా అడిగాను. "పెద్దసేపు పట్టదు. కానీ ఒక్క రోజు కూడా మానకూడదు, జ్వరమొచ్చినా" అన్నాడు. గొంతు తడిగా ఉంది. వాళ్ల నాన్న ఇంట్లో మగ్గం మీద మా మధుపర్కాలు ఎంతవరకు వచ్చాయో అని నాకు అప్పుడే అనిపించింది. దీపాలు వెలిగాక చూస్తే శిఖరం నుంచి నందుల దాకా తెల్లగా పాగా. ఆపైన అమ్మవారికీ స్వామికీ కల్యాణం. తలంబ్రాలు పోసినప్పుడు అందరితో పాటు నేనూ చేతులు జోడించాను, నాకేం కావాలో అడగడం మరిచిపోయాను.

కల్యాణం అక్షింతలు కొన్ని కొంగున కట్టుకుని తెచ్చాను. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. అవ్వ వసారాలోనే ఉంది. మా ఇద్దరి తల మీదా రెండేసి గింజలు వేసి, మిగతావి పెళ్లి తలంబ్రాల బియ్యంలో కలపడానికని పసుపు డబ్బాలో దాచింది. శుభలేఖకు అంటిన కుంకుమ కళ్లకద్దుకుంది. తర్వాత తనను దగ్గరికి రమ్మని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"ఏం నాయనా, కొలనులో నీళ్లుండాయా ఈ ఏడు?"