114.3 కారుకి 112 రిమ్ము: గాజువాకలోనూ అడిగారు, షార్జాలోనూ అడిగారు

ఐదు నట్ల కారుకి ఐదు బొక్కల రిమ్ము ఏదైనా పట్టేస్తుంది అనుకునేవాళ్లు వైజాగ్‌లో ఉన్నారు, నేను పనిచేసే షార్జాలోనూ ఉన్నారు. ఈసారి సెలవుకి వచ్చినప్పుడు మా అక్క కొడుకు తన క్రెటాకి వేయిద్దామని సెకండ్ హ్యాండ్ అలాయ్‌లు నాలుగు తెచ్చాడు. 17 అంగుళాలవి, బయటి కంపెనీవి, ఎక్కడా గీత కూడా లేదు, రేటు కూడా బాగానే కుదిరింది. అంతకుముందు ఆక్టేవియాకి ఉండేవట. ఒక రిమ్ము తిరగేసి స్పోక్ వెనకాల చూశాను, 5×112 అని ఉంది, అంటే ఐదు బొక్కలు, వాటి మధ్యల మీదుగా గీసిన వలయం వ్యాసం (పీసీడీ అంటారు) 112 మిల్లీమీటర్లు. క్రెటాకి కావాల్సింది 5×114.3.

"రెండు మిల్లీమీటర్లే కదా మావయ్యా, ఒక షాపులో పెట్టి చూశారు, లోపలికి వెళ్లింది, నట్లు కూడా ఎక్కాయి" అన్నాడు.

వెళ్తుంది, నిజమే. భయపడాల్సింది కూడా అందుకే. స్విఫ్ట్‌కి 4×100, ఫిగోకి 4×108. ఆ రిమ్ము దీనికి అసలు ఎక్కదు, గొడవ అక్కడితో తీరిపోతుంది. 112, 114.3 అలా కాదు. తేడా 2.3 మిల్లీమీటర్లు, అది చుట్టు కొలత కాదు, స్టడ్ల (నట్టు ఎక్కే మరల కడ్డీల) మధ్యగా గీసిన వలయం వ్యాసంలో తేడా, అంటే ఒక్కో స్టడ్ దగ్గర 1.15 మాత్రమే. రిమ్ము బొక్క ఎప్పుడూ స్టడ్ కంటే కొంచెం పెద్దగానే ఉంటుంది కాబట్టి ఆ సందులో స్టడ్ దూరిపోతుంది. కానీ చక్రాన్ని పట్టుకునేది బొక్క కాదు, నట్టు కింద ఉండే కోన్, అంటే ఏటవాలు భాగం. ఆ కోన్ దాని గుంటలో చుట్టూ సమంగా కూర్చోవాలి. ఇక్కడ కూర్చోదు, ఒక పక్కనే ఆనుతుంది. నట్లు బిగించే గన్ మిషన్ పెట్టి బిగిస్తే స్టడ్ కొంచెం వంగి, బిగిసినట్టే అనిపిస్తుంది, ఎంత బిగించాలో కొలిచే టార్క్ రెంచ్ కూడా సరిపోయిందన్నట్టు టక్ మంటుంది. మావాడి రిమ్ముల్లో ఒకదాన్ని ఎండలోకి తెచ్చి చూపించాను. షాపులో ఒకసారి బిగించి విప్పినందుకే నట్టు కూర్చునే గుంటలో పెయింట్ ఒకవైపు మాత్రమే లేచిపోయి, నెలవంకలా తెల్లగా మెరుస్తోంది. అవతలి వైపు పెయింట్ చెక్కుచెదరలేదు. ఐదు గుంటల్లోనూ అదే వరస.

ఆ సైజు టైరు కిలోమీటరుకి సుమారు 460 సార్లు తిరుగుతుంది. వైజాగ్ నుంచి విజయవాడ 350 కిలోమీటర్లు అనుకుంటే లక్షా అరవై వేల చుట్లు. చుట్టు చుట్టుకీ ఆ వంగిన స్టడ్ మీద బరువు పడుతూ, తగ్గుతూ ఉంటుంది. ముందు నట్టు వదులవుతుంది, తర్వాత ఒక స్టడ్ తెగుతుంది, మిగిలిన నాలుగూ దాని బరువు కూడా మోయాలి, ఇక అవి ఎంతసేపో ఉండవు. హైవే మీద చక్రం ఊడిపోతే దెబ్బ మన కారుకే తగలదు, పక్కన బైకు మీద వెళ్లేవాడికీ తగులుతుంది.

ఇదంతా నాకు పుట్టుకతో తెలిసిన విద్య కాదు. గాజువాక ఆటోనగర్‌లో హెల్పర్‌గా ఉన్న రోజుల్లో పంక్చర్, టైరు మార్చడం, బ్యాలెన్సింగ్ వచ్చు, అంతే. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో దిగాక తెలిసింది రిమ్ముల లోకం ఎంత పెద్దదో. ప్రాడోకి ఆరు స్టడ్లు 139.7, పజేరోకీ ఆరు స్టడ్లు 139.7, కానీ మధ్య బొక్క ప్రాడోది 106, పజేరోది 67, కాబట్టి కంపెనీ పజేరో రిమ్ము ప్రాడోకి దూరదు. 200 మోడల్ ల్యాండ్ క్రూజర్‌కి ఐదే స్టడ్లు, అవి 150. రోజంతా ఈ నంబర్లే. ఎండాకాలం ఆ రేకుల షెడ్డులో రిమ్ము ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పని అయ్యాక రూమ్‌కి వచ్చి చేతులు కడుక్కుంటే వేళ్ల సందుల్లో నలుపు మాత్రం పోదు.

ఒకసారి ఒక కస్టమర్ క్యామ్రీ తెచ్చి, బెంజ్ ఒరిజినల్ రిమ్ములు వేయమన్నాడు. బెంజ్ 112, క్యామ్రీ 114.3. బెంజ్ రిమ్ము మధ్య బొక్క 66.6, క్యామ్రీ హబ్ (రిమ్ము మధ్య బొక్కలో దూరే కారు భాగం) 60.1, కాబట్టి రిమ్ము సులువుగా లోపలికి జారిపోయింది. పైగా బెంజ్‌కి వచ్చేవి 14 మిల్లీమీటర్ల బోల్టులు, క్యామ్రీవి 12 స్టడ్లు, సందు ఇంకా ఎక్కువ. దానికి తోడు బెంజ్ రిమ్ములో నట్టు కూర్చునే గుంట గుండ్రంగా ఉంటుంది, బయట దొరికే కోన్ నట్టు దానికి సరిపోదు. అంటే రెండు తప్పులు ఒకేచోట. అప్పటి షాపు అర్బాబ్, అంటే యజమాని, "కస్టమర్ డబ్బులిస్తున్నాడు, పెట్టెయ్" అన్నాడు. మన వీసా వాళ్ల చేతిలో ఉంటుంది, ఆ నెల జీతం ఇంకా పడలేదు, ఇంటి దగ్గర చిట్టీ కట్టాలి. అలాంటప్పుడు నోరు ఎలా లేస్తుంది? మా మలయాళీ ఫోర్‌మన్ లేచాడు. అరవలేదు, వాదించలేదు. ఒక నట్టు పూర్తిగా బిగించి, దానికి ఇంచుమించు ఎదురుగా ఉన్న నట్టు కస్టమర్ చేతికే ఇచ్చి వేళ్లతో తిప్పమన్నాడు. మూడు నాలుగు మరలు ఎక్కి ఆగిపోయింది. తర్వాత మిల్లీమీటరులో చిన్న భాగాలు కూడా కొలిచే క్యాలిపర్ తీసి రెండు కొలతలూ చూపించాడు. కస్టమర్ రోజూ పిల్లల్ని దుబాయ్ స్కూల్‌కి ఆ కారులోనే తీసుకెళ్తాడట. ఇంకో మాట లేకుండా రిమ్ములు డిక్కీలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అర్బాబ్ ఆ సాయంత్రం ఫోర్‌మన్‌ని నానా మాటలూ అన్నాడు. ఆ మనిషి మీద నాకున్న గౌరవం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

అందుకే ఎవరు అడిగినా కొలిచి చూపిస్తాను. నాలుగు, ఆరు బొక్కల రిమ్ముకి ఎదురెదురు బొక్కల మధ్య నుంచి మధ్యకి కొలిస్తే చాలు. ఐదు బొక్కలకి ఎదురు బొక్క ఉండదు కాబట్టి, పక్కపక్క బొక్కల మధ్య దూరం కొలిచి 0.588తో భాగించాలి. 114.3 అయితే పక్క బొక్క 67.2 దగ్గర ఉంటుంది, 112 అయితే 65.8 దగ్గర. ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేని తేడా, టేపుతో దొరకదు, క్యాలిపర్ ఉండాలి.

"మీ దగ్గర అడాప్టర్లు వేస్తారు కదా, అవి పంపించు" అని మావాడు పట్టుబట్టాడు. హబ్‌కీ రిమ్ముకీ మధ్య పెట్టి ఒక కొలతని ఇంకో కొలతకి మార్చే బిళ్లలు అవి. వేస్తాం. మంచి మెటల్‌వి, హబ్ మీద బిగుతుగా కూర్చునేవి అయితే పని చేస్తాయి. కానీ 20 మిల్లీమీటర్ల మందం ఉన్నది వేస్తే చక్రం అంతా బయటికి జరుగుతుంది, బేరింగ్ మీద భారం పెరుగుతుంది, నిండా జనం ఎక్కి గుంటలో పడితే టైరు ఫెండర్‌కి రాసుకుంటుంది. మన రోడ్ల మీద నేనైతే వేయను. బొక్కలు ఫైలుతో రాసి కోలగా చేస్తామనే వాళ్లూ ఉన్నారు, వాళ్ల దగ్గరికి బండి తీసుకెళ్లనే వద్దు. చివరికి ఆ నాలుగూ అమ్మేసి 114.3వి కొన్నాడు. మధ్య బొక్క 73.1 ఉంది, క్రెటా హబ్ 67.1, ఆ సందుకి రింగులు వేశాం. కోన్ నట్లు ఎం12×1.5 (12 మిల్లీమీటర్ల లావు, మరకీ మరకీ మధ్య 1.5), చేత్తో చివరిదాకా తిప్పి, ఒకటి వదిలి ఒకటి చొప్పున టార్క్ రెంచ్‌తో బిగించి, భీమిలి, అనకాపల్లి తిరిగాక మళ్లీ చూశాం. మారుతీ వాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, స్విఫ్ట్ స్టడ్ ఎం12×1.25, ఈ నట్లు దానికి బలవంతంగా ఎక్కిస్తే మరలు పోతాయి.

మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లు గల్ఫ్‌లో టైర్ షాపు పని ఉందంటే అడుగుతుంటారు కాబట్టి ఇది కూడా చెప్తాను. ఏజెంట్‌కి లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోండి. పదో తరగతి పాస్ కాకుండా పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లకి యూఏఈ వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తాం అంటే ఒప్పుకోకండి. అగ్రిమెంట్‌లో హెల్పర్ అని కాకుండా టైర్ ఫిట్టర్ అని రాయించుకోండి, జీతం అంకె కాగితం మీద ఉండాలి. వెళ్లేముందు ఇక్కడే పీసీడీ కొలవడం, నట్టు రకాలు గుర్తుపట్టడం, టార్క్ రెంచ్ వాడటం నేర్చుకోండి. ఆటోనగర్‌లో అడిగితే నేర్పేవాళ్లు ఉన్నారు. సొంతంగా ఒక క్యాలిపర్ కొని సామాన్లలో పెట్టుకోండి. అక్కడ షాపులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు, మీ చేతిలో మీదంటూ ఒకటి ఉంటే పెట్టను అని చెప్పడానికి ధైర్యం వస్తుంది.