ఫామికామ్ గిమ్మిక్ మళ్ళీ మొదలుపెట్టా, ఈసారి రివైండ్ ముట్టుకోకుండా

నెల రోజుల నుంచి రాత్రి భోజనాలయ్యాక ఓ గంట, ఒక్కోరోజు గంటన్నర, ఒకటే గేమ్ ఆడుతున్నా. పేరు గిమ్మిక్. 1992 జనవరిలో సన్‌సాఫ్ట్ అనే కంపెనీ వాళ్ళు జపాన్‌లో ఫామికామ్ (నింటెండో వాళ్ళ ఎనిమిది బిట్ల గేమ్ డబ్బా) మీద రిలీజ్ చేశారు, డిజైన్ చేసినాయన టొమోమి సకాయ్. రెట్రో గేమ్స్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఈ పేరు తెలిసే ఉంటుంది, మిగతావాళ్ళలో చాలామంది వినుండరు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఫామికామ్ అంటే మనకి తెలియని డబ్బా ఏం కాదండి. తొంభైల్లో మనిళ్ళల్లో టీవీకి పెట్టుకుని ఆడిన వీడియో గేములు, ఆ పసుప్పచ్చ క్యాసెట్లు, మీద 9999 గేమ్స్ అని రాసుంటే లోపల చూస్తే అవే నాలుగైదు గేమ్స్ తిరిగి తిరిగి వచ్చేవి, అవన్నీ ఈ ఫామికామ్‌ని చూసి చేసిన నకళ్ళే. కాంట్రా, మారియో, సర్కస్, ట్యాంకుల గేమ్, ఇవే మా లోకం. వేసవి సెలవుల్లో మా వీధిలో ఎవరింటికి కొత్త క్యాసెట్ వస్తే వాళ్ళింట్లో చెప్పులు గుమ్మం దాటి మెట్ల మీదకొచ్చేవి. ఎన్ని క్యాసెట్లు మార్చుకున్నామో లెక్కలేదు గానీ గిమ్మిక్ మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. కనపడుంటే ఏం చేసేవాళ్ళమో అని ఇప్పుడు అనిపిస్తుంది, బహుశా మొదటి స్టేజ్‌లో నాలుగుసార్లు చచ్చి మళ్ళీ కాంట్రా పెట్టుకునేవాళ్ళమేమో.

కథ చిన్నది. ఒక పాపకి పుట్టినరోజు, నాన్న బొమ్మలు తెచ్చిస్తాడు, ఆ బొమ్మల్లో కలిసిపోయి వచ్చిన చిన్న ఆకుపచ్చ ప్రాణి యుమెటారో, అది బొమ్మ కాదని ఎవరికీ తెలీదు. పాప దాన్నే ముద్దు చేస్తుంటే పాత బొమ్మలకి కుళ్ళు పుట్టి పాపనే వేరే లోకానికి ఎత్తుకుపోతాయి. యుమెటారో వెనకాల వెళ్తుంది. అంతే. చూడ్డానికి గుండ్రంగా, తల మీద ఒక కొమ్ముతో, చిన్నపిల్లల గేమ్ లాగే ఉంటుంది. దాన్ని చూసి తేలిగ్గా తీసుకున్నవాళ్ళందరికీ రెండో స్టేజ్‌లోనే చెమటలు పడతాయి.

అసలు విషయం స్టార్. బి బటన్ నొక్కి పట్టుకుంటే కొమ్ము పైన ఒక స్టార్ తయారవుతుంది, ముందు చిన్నగా మొదలై పెద్దదవుతుంది, వదిలితే ముందుకెళ్ళి నేల మీద పడి బంతిలా ఎగురుతూ పోతుంది, గోడ తగిలితే వెనక్కొస్తుంది, కాసేపటికి మాయమైపోతుంది. ఒకసారికి ఒకటే. తుపాకీ పేల్చినట్టు టపటపా కొట్టేద్దాం అంటే కుదరదు, పైగా వాలు మీద నుంచి వేస్తే ఒకలా వెళ్తుంది, చదును మీద వేస్తే ఇంకోలా. ఒక్క గదిలో మూడు వాలులుంటే మూడు రకాలుగా ఆలోచించాలి. యుమెటారో కూడా అంతే, వాలు దిగేటప్పుడు జారుతుంది, ఎక్కేటప్పుడు బరువుగా కదులుతుంది, కదిలే పలక మీద నుంచి ఎగిరితే ఆ ఊపు కూడా కలుస్తుంది. 1992లో ఎనిమిది బిట్ల డబ్బాలో ఇంత లెక్క పెట్టారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక ఆ స్టార్ మీద ఎక్కొచ్చు. ఇది గేమ్ ఎక్కడా గట్టిగా చెప్పదు. స్టార్ వేసి, అది గోడకి కొట్టుకుని మన వైపు తిరిగొస్తుంటే, సరిగ్గా నేల నుంచి లేచే ముందు దాని మీదకి దూకాలి, అప్పుడు మనల్ని మోసుకుని ఎగురుతుంది. అది పైకెళ్ళి ఇక దిగబోతోంది అనే క్షణంలో మళ్ళీ దూకితే మామూలుగా అందని ఎత్తు అందుతుంది. ముందు దూకితే ఎత్తు చాలదు, ఆలస్యమైతే స్టార్ కాళ్ళ కింద నుంచి జారిపోతుంది. నేను ఒక్క గోడ దగ్గర ఒక రాత్రంతా కూర్చున్నా, శత్రువులెవరూ లేని చోటు చూసుకుని, వేయడం, ఎక్కడం, పడటం, మళ్ళీ వేయడం. గంటకి పైగా అదే. చివరికి కంటితో చూసి దూకడం మానేసి మోత విని దూకడం మొదలెట్టాక కుదిరింది, స్టార్ నేలకి తగిలేటప్పుడు ఒక లయ ఉంటుంది, చేతికి ఆ లయ ఎక్కితే చాలు.

ఇంత ఎక్కడం ఎందుకంటే ప్రతి స్టేజ్‌లో ఒక నిధి దాచారు. ఆరు స్టేజ్‌లు, ఆరు నిధులు, చాలావరకు ఈ స్టార్ సవారీ రాకపోతే చెయ్యి కూడా తగలదు. అన్నీ దొరికితేనే చివర ఇంకో స్టేజ్ తెరుచుకుంటుంది, అసలు ముగింపు అక్కడుంది. మధ్యలో ప్రాణాలన్నీ అయిపోయి కంటిన్యూ నొక్కామా, అప్పటిదాకా దొరికిన నిధులన్నీ పోతాయి. ఇది చాలామందికి కోపం తెప్పించే రూల్, నాక్కూడా ముందు తెప్పించింది. కానీ గేమ్ మొత్తం కలిపి చూస్తే పెద్దదేం కాదు, చెయ్యి తిరిగినవాళ్ళు అరగంటలో పూర్తిచేస్తారు. అంటే సకాయ్ బృందం ఒక చిన్న గేమ్ ఇచ్చి దీన్ని వంద గంటలు సాధన చెయ్యండి అన్నారు, కచేరీకి ముందు కీర్తన సాధన చేసినట్టు. నాకు ఆ పద్ధతి నచ్చింది.

మరి ఇంత మంచిది ఎందుకు మరుగున పడింది అంటే కాలం. 1990 నవంబర్‌లోనే జపాన్‌లో దీని తర్వాతి డబ్బా సూపర్ ఫామికామ్ వచ్చేసింది, పిల్లలందరి కళ్ళూ పదహారు బిట్ల మీదే. అలాంటప్పుడు పాత డబ్బా మీద, పసిపిల్లల బొమ్మలాంటి హీరోతో, ఇంత కష్టమైన గేమ్ వస్తే ఎవరు కొంటారు? అమెరికాలో అప్పట్లో అసలు రిలీజే కాలేదు. యూరప్‌లో కూడా 1993లో ఒక్క స్కాండినేవియా దేశాల్లోనే వచ్చింది, అక్కడ పేరు మిస్టర్ గిమ్మిక్. అందుకే ఒరిజినల్ క్యాసెట్లకి ఇప్పుడు కలెక్టర్ల దగ్గర ముట్టుకోలేని రేటు.

మ్యూజిక్ గురించి రాయకపోతే పాపం తగులుతుంది. మసాషి కగెయామా చేశారు. ఫామికామ్‌లో మామూలుగా ఉండేది ఐదు సౌండ్ ఛానెళ్ళు, అంటే ఒకేసారి ఐదు శబ్దాలే, సన్‌సాఫ్ట్ వాళ్ళు క్యాసెట్ లోపలే తమ సొంత చిప్ పెట్టి ఇంకో మూడు కలిపారు. ఆ చిప్ సౌండ్‌ని వాడుకున్న గేమ్ ఇదొక్కటే. పైగా బేస్ కోసం రికార్డు చేసిన శాంపిల్స్ వాడే సన్‌సాఫ్ట్ అలవాటు ఇక్కడా ఉంది, అందుకే పాత టీవీ స్పీకర్లో కూడా కింద ఎవరో నిజంగా బేస్ గిటార్ మీటుతున్నట్టుంటుంది. జపాన్ ఫామికామ్‌లో క్యాసెట్ నుంచి వచ్చే శబ్దం డబ్బా శబ్దంతో కలవడానికి దారి ఉంది, బయటి దేశాలకి ఎన్ఈఎస్ అనే పేరుతో పంపిన డబ్బాలో ఆ దారి లేదు, దాంతో స్కాండినేవియా వాళ్ళకి ఆ మూడు ఛానెళ్ళు లేని పాటలే దక్కాయి. రెండూ పక్కపక్కన పెట్టి విన్నా. పాట అదే, కానీ తబలా ఆయన సగంలో లేచి వెళ్ళిపోయిన కచేరీలా ఉంది.

నేను దీన్ని మొదట ఆడింది హాస్టల్లో, రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (పాత గేమ్ డబ్బాని కంప్యూటర్లో అనుకరించే సాఫ్ట్‌వేర్) మీద. అప్పుడు ప్రతి రెండు అడుగులకి సేవ్ స్టేట్ కొట్టుకుంటూ, అంటే గేమ్‌ని ఉన్నచోటే దాచుకుంటూ ఆడా. పడితే లోడ్, తగిలితే లోడ్. ఒక్క వారంలో చివరిదాకా వెళ్ళా, చూసేశా, బాగుంది అనుకుని మర్చిపోయా. ఇప్పుడు తెలుస్తోంది నేనప్పుడు ఆడలేదని. స్టార్ ఎలా ఎగురుతుందో నాకు తెలియాల్సిన అవసరమే రాలేదు, కుదిరేదాకా లోడ్ చేస్తే ఎప్పుడో ఒకసారి గుడ్డిగా కుదురుతుంది కదా. గేమ్‌లో ఉన్న మొత్తం రుచి ఆ తెలుసుకోవడంలోనే ఉంది, దాన్నే నేను తీసి పక్కన పెట్టేశా. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

2023లో స్విచ్, పీసీ, మిగతావాటికి స్పెషల్ ఎడిషన్ వచ్చింది, దాంట్లో రివైండ్, అంటే తప్పు చేస్తే ఆటని కాస్త వెనక్కి తిప్పుకునే సౌకర్యం కూడా ఉంది. టైం లేనివాళ్ళకి మంచిదే, వద్దనను, చిన్నపిల్లలకి ఇస్తే రివైండ్‌తోనే ఇవ్వండి. కానీ చెయ్యి తిరగాలనుకుంటే మాత్రం ఒక్క నెల దాన్ని ముట్టుకోకుండా చూడండి. మీరు మొదటి స్టేజ్‌ని ఇరవైసార్లు ఆడతారు, పదోసారికి శత్రువులు ఒక్కొక్కడూ ఒక్కో రకంగా కదులుతున్నాడని కనపడుతుంది, వాడు వాలు మీద జారతాడు, వీడు మనల్ని నెడతాడు, ఇంకొకడు వెంటపడతాడు, మారియో లాంటి మామూలు ప్లాట్‌ఫార్మర్లలో లాగా ఇటు నాలుగడుగులు అటు నాలుగడుగులు తిరిగే రకం కాదు.

మొన్న ఆదివారం మా అక్క వాళ్ళు వచ్చారు. వాళ్ళబ్బాయికి తొమ్మిదేళ్ళు, పక్కన కూర్చుని చూస్తున్నాడు. నేను స్టార్ వేసి ఒకణ్ణి కొట్టా, అది గోడకి తగిలి వెనక్కొస్తోంది. వాడు ఒక్కసారి ముందుకి వంగి "మామయ్యా, దాని మీద ఎక్కొచ్చా?" అన్నాడు. నేనేం చెప్పలేదు, కంట్రోలర్ చేతికిచ్చా. అరగంట ఆడాడు. మూడుసార్లు ఎక్కాడు, మూడుసార్లూ పడిపోయాడు, నాలుగోసారి పైనున్న అరుగు అంచు అందుకుని అక్కడే ఆపేసి వాళ్ళమ్మని పిలుచుకొచ్చి చూపించాడు. అక్కడ పైన నిధి లేదు, ఏమీ లేదు, ఊరికే అరుగు. వాడికి అదేం పట్టలేదు.

నిన్న రాత్రి నాలుగు నిధులతో ఐదో స్టేజ్‌లోకి వెళ్ళా, ఇంతవరకు నా బెస్ట్ అదే. ఐదోది కంటికి కనపడుతోంది, స్టార్ ఎక్కా, ఒక్క క్షణం ముందు దూకా, కింద పడ్డా, అదే ఆఖరి ప్రాణం. కంటిన్యూ చెయ్యాలా అని అడుగుతూ స్క్రీన్ ఆగింది. నొక్కలేదు. రీసెట్ కొట్టి మళ్ళీ మొదటి స్టేజ్ పెట్టా, టైం పదకొండున్నర దాటింది, ఆ పుట్టినరోజు పాట మళ్ళీ మొదలైంది.