బట్టమేక లేని రోళ్లపాడు

పోయిన జనవరిలో మా బావమరిది పిల్లల్ని వేసుకుని బెంగళూరు నుంచి కర్నూలు వచ్చాడు. కొండారెడ్డి బురుజు అయిపోయింది, ఓర్వకల్లు రాళ్లు అయిపోయాయి, బెలుం గుహలు అయిపోయాయి, ఇంకా రెండు రోజులు మిగిలే ఉన్నాయి. "జంతువులుండే చోటికి తీసుకుపో మామయ్యా, బోనులో ఉండేవి కాదు" అన్నాడు చిన్నోడు. సరే పదరా అని రోళ్లపాడు అభయారణ్యానికి బయల్దేరదీశాను.

తప్పంతా నాదే. ఉగ్గాని, బజ్జీ తిని, టీ తాగి, తీరిగ్గా బయల్దేరి, గార్గేయపురం చెరువు దగ్గర పిల్లలు ఆపమంటే ఆపి, నందికొట్కూరు దాటి అక్కడికి చేరేసరికి పదకొండున్నర. నెత్తిమీద ఎండ. దూరంగా నాలుగు జింకలు కనిపించిన ఆనందంలో మా బావమరిది దిగి కారు డోరు ధడేల్మని వేశాడు, అంతే, అవి గాల్లోకి గెంతుకుంటూ పోయాయి. ఆ తర్వాత చూస్తే ఎటు చూసినా ఎండిన గడ్డే. "ఖాళీ జాగా కదా మామయ్యా ఇది" అన్నాడు చిన్నోడు, మొహం వేలాడేసుకుని.

వాణ్ణి అనడానికి లేదు. అడవి అంటే మనకి చెట్లుండాలి, నల్లమలలాగా. మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా తుమ్మ, రేగు కంపలు ఉంటే బంజరు అనేస్తాం. కానీ 1988లో దీన్ని అభయారణ్యం చేసిందే ఆ గడ్డి కోసం, ఆ గడ్డిలో తిరిగే బట్టమేక కోసం. మీటరు ఎత్తుండే పిట్ట, మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. అంత బరువుతో ఎగిరే పక్షులు ప్రపంచంలోనే తక్కువ. గూడు గీడు ఏమీ కట్టదు, ఉత్త నేల మీద మామూలుగా ఒక్కటే గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు మీద గొర్రె కాలు పడినా, కుక్క చూసినా ఆ ఏటికి అంతే సంగతులు.

గడ్డి పక్క చేనులో శనగ పైరు చూసుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగాను, బట్టమేక కనపడుతుందా అని. ఆయన నవ్వాడు. "బట్టమేక యాడుంది నాయనా, మా వయసులో చూసినాం. ఇప్పుడుండేదంతా జింకలే. రాత్రిపూట మంచె మీద పండుకోకపోతే చేను మిగల్దు."

ఆ రెండు మాటల్లో ఇక్కడి కథంతా ఉంది. అభయారణ్యం మొత్తం కలిపి ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. బట్టమేకకి అది ఏ మూలకి? అది చుట్టుపక్కల జొన్న, కొర్ర చేలల్లో మిడతలు ఏరుకుని తిరిగే పిట్ట. కాలవల నీళ్లొచ్చాక పైర్లు మారిపోయాయి, బీళ్లు దున్నేశారు. లోపల కాపలా పెరిగింది కాబట్టి కృష్ణజింకలు పెరిగాయి, పెరిగినవి చేల మీద పడ్డాయి, రైతుకి అభయారణ్యం అంటేనే మంట పుట్టింది. ఎవరిని తప్పుపట్టాలో నాకైతే తెలీదు. దేశం మొత్తమ్మీద ఈ పక్షులు నూటయాభై కూడా లేవంటారు, ఉన్నవాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే.

అక్కడి వాచర్ మా అవస్థ చూసి, "ఇప్పుడేం కనపడవు సార్, నాలుగు దాటినాక రాండి" అన్నాడు. అలగనూరు రిజర్వాయరు కట్ట మీద కూర్చుని జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి తిని, నాలుగింటికి మళ్లీ వచ్చాం. ఈసారి ఫోన్లు సైలెంట్, డోర్లు మెల్లగా.

అదే జాగా, కానీ వేరే ఊరికొచ్చినట్టుంది. వాచ్‌టవర్ ఎక్కి చూస్తే ఆడజింకలు, పిల్లలు కలిపి ముప్పైకి తక్కువుండవు. వాటి మధ్య ఒక నల్ల మగది. వీపు నిగనిగలాడే నలుపు, పొట్ట కింద సున్నం కొట్టినట్టు తెలుపు, కంటి చుట్టూ తెల్ల వలయం. ముట్టె పైకెత్తేసరికి మెలితిరిగిన కొమ్ములు మెడ మీదికి వాలిపోయాయి, ఆ పోజులోనే ఆడవాటి ముందు బిగుసుకుని నడుస్తోంది, పెళ్లిలో కొత్త సూటు వేసుకున్న మా బావమరిదిలాగా. అట్లా పోయి పోయి ఒకచోట పెంటికల కుప్ప మీద ఆగి, తన వంతు వేసి వచ్చింది. అది దాని హద్దురాయి అన్నమాట, ఇంకో మగది లోపలికి రాకూడదు. పిల్లలు పడీ పడీ నవ్వారు, వాళ్లకి ఆ ట్రిప్పంతటికీ గుర్తుండిపోయేది ఆ కుప్పే.

పొద్దు వాలాక పిల్లిగద్దలు వచ్చాయి. నాకు అసలు వీటి సంగతే తెలీదు, వాచర్ చెప్పాడు. మధ్య ఆసియా మైదానాల నుంచి చలికాలానికి దిగుతాయట, పగలంతా చేల మీద మిడతల్ని పట్టి, రాత్రికి చెట్టెక్కకుండా ఈ గడ్డిలోనే నేల మీద పడుకుంటాయట. రెక్కలు కాస్త పైకి పట్టి, గడ్డి కొసలు తగులుతాయేమో అన్నంత కిందుగా, చప్పుడు లేకుండా ఒక్కొక్కటే వచ్చి, ఒక చుట్టు తిరిగి, గుభుక్కున గడ్డిలో దిగిపోతున్నాయి. దిగాక అక్కడ గద్ద ఉందంటే ఎవరూ నమ్మరు.

చిన్నోడు పదిహేడు లెక్కపెట్టాడు, వాళ్లక్క ఇరవై ఒకటంది. దిగి మళ్లీ లేచినవాటిని రెండుసార్లు లెక్కేశావని వాడు, నువ్వు ఎడమపక్క చూడనేలేదని అది, నందికొట్కూరు దాకా కార్లో కొట్లాడుకుంటూనే ఉన్నారు.